తులసి గబ్బార్డ్ అన్ని యుద్ధాలూ వద్దంటోందా, కొన్నిటినేనా?

గోదారి గట్టు (న్యూజెర్సీ) | 20 అక్టోబర్ 2019

మొన్న మంగళవారం ఒహాయోలో డెమొక్రాట్ల డిబేట్ చూశారా? సిరియాలో కుర్దుల మీద టర్కీ దాడి మొదలై అప్పటికి వారం కూడా కాలేదు. స్టేజి మీద ఎక్కువమంది సైన్యాన్ని పక్కకు తప్పించిన ట్రంప్‌ను తిట్టారు. ప్రెసిడెంటు పోటీలో ఉన్న హవాయి కాంగ్రెస్ సభ్యురాలు తులసి మాత్రం, అసలు సిరియా అధ్యక్షుడు అసద్‌ను గద్దె దించే పనికి మనం దిగబట్టే ఇదంతా వచ్చింది అంది. మూడు రోజులు తిరక్కుండా హిల్లరీ క్లింటన్, తులసి పేరు ఎత్తకుండానే, రష్యావాళ్లకు నచ్చిన అభ్యర్థి అన్నట్టు మాట్లాడింది.

నాకు ఓటు లేదు. గ్రీన్ కార్డు క్యూలో నా వంతు వచ్చేసరికి మా అబ్బాయే ప్రెసిడెంటుకు పోటీ చేసే వయసుకు వస్తాడు. కానీ గుళ్లో, ఆఫీసులో, వాట్సాప్ గ్రూపుల్లో అందరూ ఈవిడ వస్తే యుద్ధాలు ఆగిపోతాయి అంటున్నారు. నిజమేనా? రికార్డు చూసినవాళ్లు చెప్పండి. జై కొట్టడానికీ, రష్యా ఏజెంట్ అని తిట్టడానికీ వేరే థ్రెడ్లు ఉన్నాయి, అక్కడికి వెళ్లండి.

డల్లాస్ బాబాయ్ | 20 అక్టోబర్ 2019

ఇందులో అనుమానం ఏముంది అబ్బాయ్! 2002లో 21 ఏళ్లకే హవాయి అసెంబ్లీకి గెలిచిన పిల్ల, మళ్లీ పోటీ చెయ్యకుండా నేషనల్ గార్డ్‌తో ఇరాక్ వెళ్లింది. అక్కడ మెడికల్ యూనిట్లో పని. రోజూ పొద్దున్నే దేశం మొత్తం మీద గాయపడ్డవాళ్ల లిస్టు తీసి, అందులో తమ హవాయి వాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడటం ఆవిడ డ్యూటీ. టీవీలో యుద్ధం చూసి మాట్లాడే మనిషి కాదు.

గీత మీద ప్రమాణం చేసి కాంగ్రెస్‌లో కూర్చున్న మొదటి హిందువు కూడా. అది వేరే సంగతి అనుకో.

వానపాము | 20 అక్టోబర్ 2019

బాబాయ్, గీత యుద్ధం మానెయ్యమని చెప్పిన పుస్తకం కాదు. మానేస్తానన్న వాణ్ని లేపి కొట్టమన్న పుస్తకం 😄

డల్లాస్ బాబాయ్ | 20 అక్టోబర్ 2019

రాయబారం నడిపి, ఐదూళ్లిచ్చినా చాలని అడిగి, అదీ కాదన్న తర్వాత చేసిన యుద్ధం అది. నీకు చెప్పినా ఎక్కదులే.

లెక్కల పంతులు | 21 అక్టోబర్ 2019

వానపాము జోకు వేసినా విషయం దాదాపు అక్కడే ఉంది. నేను రెండు రాత్రులు కూర్చుని ఆవిడ ఓట్లూ మాటలూ వెతికాను. పెద్ద పోస్టు, టీ పెట్టుకుని చదవండి.

యుద్ధం వద్దన్నవి: 2013లో డమాస్కస్ పక్కన విషవాయువు దాడి జరిగాక ఒబామా సిరియా మీద బాంబులు వేద్దామంటే, సొంత పార్టీ ప్రెసిడెంటు అని చూడకుండా వద్దంది. సీఐఏ సిరియా తిరుగుబాటుదార్లకు ఆయుధాలు ఇచ్చేది, దాన్ని ఆపాలని 2016 డిసెంబర్‌లో బిల్లు పెట్టింది. ఇరాన్ అణు ఒప్పందానికి మద్దతు ఇచ్చింది. యెమెన్‌లో సౌదీకి మన సాయం ఆపే తీర్మానానికి ఓటేసింది, దాన్ని ఈ ఏప్రిల్‌లో ట్రంప్ వీటో చేశాడు. ఉత్తర కొరియాతో మాట్లాడమంది. 2018 జనవరిలో హవాయిలో అందరి ఫోన్లకూ క్షిపణి వస్తోందని తప్పుడు మెసేజ్ వెళ్లింది గుర్తుందా? 38 నిమిషాల దాకా అది తప్పని చెప్పలేదు. ఆవిడ నియోజకవర్గం అక్కడే. పిల్లల్ని మ్యాన్‌హోళ్లలోకి దించిన జనం ఓట్లతో గెలిచింది. ఆ భయం ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు రెండోవైపు. 2015లో రష్యా సిరియాలో బాంబులు వెయ్యడం మొదలుపెడితే అమెరికా అభ్యంతరం చెప్పింది. ఈవిడ మాత్రం, అల్‌ఖైదా మీద మనం వెయ్యకపోవడమే తప్పు, వేసేవాణ్ని ఎందుకు తప్పుపడుతున్నాం అన్నట్టు రాసింది. అంటే ఫిర్యాదు బాంబులు వేశారని కాదు, చాలినన్ని వెయ్యలేదని. డ్రోన్లకూ, చిన్న కమాండో దాడులకూ చోటు ఉందని చాలాసార్లు చెప్పింది. 2016లో హవాయి పత్రికతో తనే చెప్పుకుంది: ఉగ్రవాదుల మీద యుద్ధం దగ్గర నేను డేగను, ప్రభుత్వాలను మార్చే యుద్ధాల దగ్గర పావురాన్ని అని.

ఇక మనం మోసపోవడానికి ఏముంది? ఆవిడ దాచలేదు. మనమే సగం విన్నాం.

సిరిమల్లె (వర్జీనియా) | 21 అక్టోబర్ 2019

పంతులు గారూ, థాంక్స్. కానీ ఆ రెండూ ఒకటే అన్నట్టు మీరు రాశారు, నాకు తేడా ఉంది. మా తమ్ముడు ఎంఎస్ చదువుతూ, సిటిజన్లు కానివాళ్లను తీసుకునే మావ్నీ స్కీములో ఆర్మీలో చేరాడు, సిటిజన్‌షిప్ త్వరగా వస్తుందని. అమ్మకు ఆరు నెలలు చెప్పలేదు. లక్షన్నర మందిని పంపి ఒక దేశాన్ని ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చోవడం వేరు, ఇరవై మంది వెళ్లి ఒక రాత్రిలో తిరిగి రావడం వేరు. మా ఇంట్లో ఆ తేడాకు ఒక పేరు ఉంది, వాడి పేరు.

నల్లరేగడి | 21 అక్టోబర్ 2019

సిరిమల్లె గారూ, మీ తమ్ముడు క్షేమంగా ఉండాలి. కానీ తేడాను మీరు పంపే వైపు నుంచి చూస్తున్నారు. కింద ఉన్నవాడి వైపు నుంచి చూడండి. డ్రోన్ వచ్చినా డివిజన్ వచ్చినా వాడి ఇంటి మీదకే.

ఇంకో మాట. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత మూడు రోజులకే కాంగ్రెస్ బలప్రయోగానికి అనుమతి ఇచ్చింది. దిగువసభ హౌస్‌లో 420 మంది అవునన్నారు, బార్బరా లీ ఒక్కతే కాదంది. ఆమె భయపడినట్టే జరిగింది. ఆ కాగితం పట్టుకునే ఆఫ్ఘనిస్తాన్ దాటి యెమెన్, సోమాలియా, సిరియా దాకా వెళ్లారు. ఎక్కడికి వెళ్లినా ఒకే మాట, ఉగ్రవాదుల కోసం వచ్చాం అని. గద్దె దించడానికి వచ్చాం అని ఎవడూ గుమ్మంలో చెప్పడు. ఆ తలుపు తెరిచి ఉంచి, లోపలి గదికి మాత్రం తాళం వేస్తానంటే అది జోక్యం వద్దనడం కాదు. జోక్య వ్యతిరేకి ఎవరంటే బార్బరా లీ. తులసి కాదు.

డల్లాస్ బాబాయ్ | 21 అక్టోబర్ 2019

బార్బరా లీ ప్రెసిడెంటుకు నిలబడిందా? నిలబడ్డవాళ్లలో ఎవరు నయమో అది చెప్పు.

వానపాము | 21 అక్టోబర్ 2019

బాబాయ్ చెప్పింది కరెక్టే. పెళ్లిచూపులకు వచ్చిన వాళ్లలోనే చూసుకోవాలి.

కువైట్ కడప | 22 అక్టోబర్ 2019

అన్నలారా, మీరు అమెరికాలో కూర్చుని తలుపు, గది అని మాట్లాడుతున్నారు. మేం ఆ గది పక్కనే ఉన్నాం.

1990 ఆగస్టులో సద్దాం కువైట్‌లోకి వచ్చినప్పుడు మా నాయన ఇక్కడే డ్రైవర్. ఫహాహీల్‌లో సేటు ఇంట్లో పని. సేటు కుటుంబం రాత్రికి రాత్రి వెళ్లిపోయింది, కారు తాళాలు కూడా ఇవ్వలేదు. నాయన బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ పోయి, అమ్మాన్‌లో తొమ్మిది రోజులు టెంట్లో ఉండి విమానం ఎక్కినాడు. ఆ రెండు మూడు నెలల్లో ఇండియా లక్షా 70 వేల మందికి పైగా అట్లా తీసుకుపోయింది. ఇంటికి వచ్చేసరికి చేతిలో ఒక టేప్‌రికార్డర్, అంతే. ఇప్పుడు నేనూ ఇక్కడే ఉన్నా.

ఇందుకు చెప్తున్నా: ఆ యుద్ధంలో అమెరికా రాకపోతే మా సేటుకు దేశం లేదు, మాకు ఉద్యోగం లేదు. 2003లో అమెరికా రాకపోతే ఇరాక్‌లో ఐసిస్ లేదు. రెండూ అమెరికా జోక్యమే. జోక్యం మంచిదా చెడ్డదా అని నన్ను అడిగితే నేను ఏం చెప్పను? తులసి గారిని ఒకటి అడగాలని ఉంది. 1990లో నువ్వు ప్రెసిడెంటువైతే ఏం చేసేదానివి అని.

లెక్కల పంతులు | 22 అక్టోబర్ 2019

కడప అన్న అడిగిన ప్రశ్న డిబేట్లో ఒక్క యాంకర్ కూడా అడగలేదు.

నల్లరేగడి | 22 అక్టోబర్ 2019

ఇంకో సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 2017 జనవరిలో డమాస్కస్ వెళ్లి అసద్‌ను కలిసింది. ఆ ఏప్రిల్‌లో సిరియాలోని ఖాన్ షేఖూన్‌లో సారిన్ విషవాయువు దాడి జరిగితే, అసద్ చేశాడంటే అనుమానమే అంది. ఆ అక్టోబర్‌కు ఐక్యరాజ్యసమితి, రసాయన ఆయుధాల నిషేధ సంస్థ కలిసి పెట్టిన విచారణ బృందం అది సిరియా ప్రభుత్వం పనే అని తేల్చింది. యుద్ధం వద్దనడానికి, హంతకుడికి బెయిలు ఇప్పించనక్కర్లేదు.

డల్లాస్ బాబాయ్ | 22 అక్టోబర్ 2019

ఇరాక్‌లో విష ఆయుధాలు ఉన్నాయని 2003లో ఎంత గట్టిగా చెప్పారో మర్చిపోయావా? అక్కడికి వెళ్లి శవాల లెక్క చూసిన మనిషికి అనుమానం రాదా?

నల్లరేగడి | 22 అక్టోబర్ 2019

ఒకసారి మోసపోయినవాడు ఇక నిజాన్ని కూడా నమ్మనంటే దాన్ని వివేకం అనరు బాబాయ్. మీకు అసద్ కంటే ఆవిడ పేరు ముఖ్యమైపోయింది. తులసి అని కాక ఫాతిమా అని ఉంటే ఇలాగే వెనకేసుకొచ్చేవారా?

డల్లాస్ బాబాయ్ | 22 అక్టోబర్ 2019

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ | 23 అక్టోబర్ 2019

ఇద్దరివీ రెండేసి పోస్టులు తీసేశాను. ఒకరి మతం, ఇంకొకరి కులం ఈ థ్రెడ్‌కు అక్కర్లేదు. ఇంకోసారి అయితే తాళం వేసేస్తా.

లెక్కల పంతులు | 23 అక్టోబర్ 2019

తాళం పడకముందే ఒక మాట. నల్లరేగడి గారి రెండు విమర్శలు ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయి. అసద్‌నూ, ఈజిప్టు సిసీనీ, మన దేశంలో మోదీనీ ఏమీ అనలేదని చాలామంది ఆవిడ మీద కోపంగా ఉన్నారు. 2013లో భారత్‌లో మతస్వేచ్ఛ గురించి, గుజరాత్ పేరెత్తి, హౌస్‌లో తీర్మానం వస్తే వద్దంది కూడా. నచ్చినా నచ్చకపోయినా, పరాయి దేశం వాళ్లు తమ గద్దె మీద ఎవర్ని కూర్చోబెట్టుకున్నా మనకు అనవసరం అనడమే కదా జోక్యం వద్దనడం. అక్కడ ఆవిడ మాట మీదే ఉంది.

నాకు కుదరనిది ఇంకొకటి. 2015 నవంబర్‌లో సిరియా, ఇరాక్ శరణార్థుల రాకను కష్టం చేసే బిల్లుకు 47 మంది డెమొక్రాట్లు ఓటేశారు. అందులో ఈవిడ ఒకరు. మన యుద్ధం వల్లే ఆ దేశాలు కూలాయని చెప్పేది మీరే, కూలిన ఇంట్లోంచి బయటపడ్డవాణ్ని గుమ్మంలో ఆపేదీ మీరే! ఇది బాంబుల సంగతి కాదు, ఒప్పుకుంటాను. కానీ యుద్ధ వ్యతిరేకత జాలి నుంచి వచ్చిందా, లెక్క నుంచి వచ్చిందా అనేది ఇక్కడ తెలుస్తుంది. ఆవిడది లెక్క. ఈ యుద్ధాలు అమెరికాకు గిట్టుబాటు కాలేదు, సైనికులు చచ్చారు, డబ్బు పోయింది, అల్‌ఖైదా పెరిగింది. మంచి లెక్కే. కాకపోతే గిట్టుబాటయ్యే యుద్ధం కనిపించిన రోజు ఆ లెక్క ఏం చెబుతుందో అదే నా టెన్షన్.

సిరిమల్లె | 23 అక్టోబర్ 2019

నాకు లెక్క చాలు. జాలి ఉన్నవాళ్లు లిబియా యుద్ధం చేశారు కదా.

గోదారి గట్టు | 24 అక్టోబర్ 2019

సిరిమల్లె గారి లైను నేను వాట్సాప్ స్టేటస్ పెట్టేసుకున్నా, క్షమించాలి.

కువైట్ కడప | 4 జనవరి 2020

థ్రెడ్ పైకి తెస్తున్నా. నిన్న తెల్లవారుజామున బాగ్దాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఇరాన్ జనరల్ సులేమానీని అమెరికా వాళ్లు డ్రోన్‌తో చంపేసినారు. ఇక్కడ మా క్యాంపులో ఎవరూ నిద్రపోలేదు. ఊరి నుంచి ఫోన్లే ఫోన్లు. మా ఆవిడ వచ్చెయ్యమంటోంది, కంపెనీ వాడి దగ్గర పాస్‌పోర్టు ఉంది, ఎట్లా వచ్చేది? తులసి గారు ఏమన్నారు?

లెక్కల పంతులు | 4 జనవరి 2020

జాగ్రత్త అన్నా. ఆవిడ గట్టిగానే అంది. కాంగ్రెస్ అనుమతి లేకుండా చేసిన యుద్ధచర్య అనీ, రాజ్యాంగ విరుద్ధం అనీ.

నల్లరేగడి గారూ, మీ తలుపు వాదానికి ఇది పరీక్ష. సులేమానీ ఉన్న ఇరాన్ రెవల్యూషనరీ గార్డ్స్‌ను ట్రంప్ గవర్నమెంటు పోయిన ఏప్రిల్‌లోనే ఉగ్రవాద సంస్థ అని ప్రకటించింది. అంటే ఉగ్రవాది అనే ముద్ర ఉంది, వాడింది డ్రోన్, గద్దె దించడం అనే మాటే లేదు. డేగ అవ్వడానికి కావలసినవన్నీ ఉన్నాయి. అయినా ఆవిడ కాదంది.

నల్లరేగడి | 5 జనవరి 2020

ఒప్పుకుంటున్నా. ముద్ర చూసి మోసపోలేదు. ఈ ఒక్కటీ ఆవిడ ఖాతాలో వేస్తాను. బాబాయ్, వింటున్నారా?

డల్లాస్ బాబాయ్ | 5 జనవరి 2020

స్క్రీన్‌షాట్ తీసుకున్నా. ఫ్రేమ్ కట్టిస్తా.

వానపాము | 19 మార్చి 2020

తులసి పోటీ నుంచి తప్పుకుంది. వచ్చింది అమెరికన్ సమోవాలో రెండు డెలిగేట్లు, అదీ పుట్టిన ఊరి మర్యాద. పోతూ పోతూ బైడెన్‌కు జై కొట్టింది. 2002లో ఇరాక్ యుద్ధానికి ఓటేసిన బైడెన్‌కు! కరోనాకు ఆఫీసులు మూసేశారు, నవ్వడానికి కూడా ఎవరూ పక్కన లేరు.

గోదారి గట్టు | 23 జూన్ 2025

ఐదేళ్ల తర్వాత నా థ్రెడ్ నేనే తవ్వుతున్నా. ఎంతమంది ఉన్నారో తెలీదు. గ్రీన్ కార్డు ఇంకా రాలేదు, అడక్కండి.

వరస చూడండి. 2022లో డెమొక్రాట్లను వదిలేసింది, 2024లో ట్రంప్‌తో చేరింది. ఈ ఫిబ్రవరిలో 52–48 ఓట్లతో నిఘా సంస్థలన్నిటికీ పెద్ద అయింది. మార్చిలో సెనేట్ ముందు కూర్చుని, ఇరాన్ అణుబాంబు తయారు చేయడం లేదని మన సంస్థల అంచనా అని చెప్పింది. ఈ నెల 10న హిరోషిమా వెళ్లొచ్చి, యుద్ధపిపాసులు మనల్ని అణుయుద్ధం అంచుకు తోస్తున్నారని వీడియో పెట్టింది. వారానికి, ఆమె ఏం చెప్పిందో నాకు అనవసరం అన్నాడు ట్రంప్. 20న ఆమెది తప్పు అనేశాడు. ఆ రోజే ఈవిడ, తన మాటను మీడియా వక్రీకరించిందనీ, ఇరాన్ తలుచుకుంటే వారాల్లో, నెలల్లో బాంబు చేయగలదనీ రాసింది. నిన్న ఇరాన్ అణు కేంద్రాలు ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ మీద అమెరికా బాంబులు పడ్డాయి.

పంతులు గారూ, గిట్టుబాటయ్యే యుద్ధం అన్నారు అప్పుడు. ఉన్నారా?

లెక్కల పంతులు | 23 జూన్ 2025

ఉన్నాను. రిటైర్ అయ్యాను, చూపు మందగించింది, పాస్‌వర్డ్ మనవరాలు కనిపెట్టింది.

నా లెక్క కూడా తప్పిందయ్యా. ఆవిడకు ఇది గిట్టుబాటు యుద్ధంగా కనిపించి మనసు మార్చుకుంది అనుకుంటే కనీసం ఒక పద్ధతి ఉండేది. మార్చిలో చెప్పిందీ జూన్‌లో రాసిందీ రెండూ అక్షరాలా నిజమే కావచ్చు. బాంబు చేయడం లేదు, చేయాలనుకుంటే త్వరగా చేయగలరు. కానీ మొదటి వాక్యం యుద్ధాన్ని ఆపుతుంది, రెండో వాక్యం దానికి దారి ఇస్తుంది. ఏ రోజు ఏది ముందు చెప్పాలో ఎంచుకుంది. 2019లో మనం ఆవిడకు డేగ ఎంత, పావురం ఎంత అని తూకం వేశాం. పదవి ఎంత అని ఎవరం అడగలేదు.

డల్లాస్ బాబాయ్ | 23 జూన్ 2025

ఆవిడ ప్రెసిడెంటు కాదు. నిఘా సమాచారం ఇవ్వడం ఆవిడ పని, నిర్ణయం ఆయనది. లోపల ఉంటేనే కదా ఏదైనా ఆపగలిగేది.

(గట్టిగా చెప్పలేకపోతున్నాను, తెలుస్తూనే ఉంది నాకు.)

నల్లరేగడి | 23 జూన్ 2025

బాబాయ్, మీ మీద నాకు కోపం పోయి చాలాకాలం అయింది. కానీ 2016లో ప్రెసిడెంటు పోటీలో ఉన్న శాండర్స్ కోసం డెమొక్రాట్ పార్టీ వైస్ చైర్ పదవికి రాజీనామా చేసిన మనిషి ఈవిడ. కుర్చీ దిగడం చేతకాక కాదు. మార్చిలో యెమెన్ మీద దాడుల ముచ్చట సిగ్నల్ యాప్ గ్రూపులో నడిచినప్పుడు కూడా ఆ గ్రూపులో ఉంది.

సిరిమల్లె | 24 జూన్ 2025

మా తమ్ముడు 2021లో బయటికి వచ్చేశాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు, అట్లాంటాలో ఇల్లు. నిన్న ఫోన్ చేసి తులసికి ప్రైమరీలో ఓటేశావు కదక్కా అన్నాడు. పెట్టెయ్‌రా అన్నాను. ఎవరైనా కడప అన్నతో మాట్లాడారా? నిన్న సాయంత్రం ఖతార్‌లో అమెరికా స్థావరం అల్ ఉదీద్ మీద ఇరాన్ క్షిపణులు వేసిందట, కువైట్ కూడా విమానాలు ఆపేసిందట.

కువైట్ కడప | 24 జూన్ 2025

ఉన్నానమ్మా. ఎయిర్‌పోర్టులోనే ఉన్నా, రాత్రి నుంచి. మా చెల్లెలి కూతురి పెళ్లి గురువారం. ఎయిర్‌స్పేస్ మూసేసినారు అని చెప్పి మళ్లీ తెరిచినారు, కానీ విమానాలు ఎక్కడివక్కడ ఆగిపోయినాయి. నేల మీద దుప్పట్లు పరుచుకుని పడుకున్నాం. ఈసారి పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది, అది ఒక్కటి మేలు.

మీ పోస్టులు పక్కన కూర్చున్న కరీంనగర్ ఆయనకు చదివి వినిపించినా. అంతా విని, తులసి అంటే మన అమ్మాయేనా అన్నాడు. కాదన్నా, హవాయి అన్నా. అది ఎవరి దగ్గర ఉంది అన్నాడు. అమెరికా దగ్గర అన్నా. అది కూడానా అన్నాడు.

బోర్డు మీద హైదరాబాద్ పక్కన ఇప్పుడే టైమ్ పడింది. లైన్ కడుతున్నారు, పోతున్నా.